హోటల్ బార్‌లో పుట్టిన కుక్కల క్లబ్బు: వెస్ట్‌మిన్‌స్టర్ తొలి రోజులు

ఏ పోటీకైనా ముందు ఒక జాతీయ సంఘం ఏర్పడుతుందని, ఆ తర్వాతే ఊళ్లలో దాని శాఖలు వెలుస్తాయని మామూలుగా అనుకుంటారు. అమెరికాలో కుక్కల క్లబ్బుల విషయంలో జరిగింది ఇందుకు పూర్తిగా తలకిందులు. న్యూయార్క్ నగరంలోని వెస్ట్‌మిన్‌స్టర్ కెన్నెల్ క్లబ్ తన మొదటి డాగ్ షోను 1877లో పెట్టింది. దేశం మొత్తానికి పెద్దదిక్కైన అమెరికన్ కెన్నెల్ క్లబ్ పుట్టింది 1884లో. ఊరి క్లబ్బే వయసులో పెద్దది. ఇప్పటికీ అమెరికాలో ఏటా ఆగకుండా జరుగుతూ వస్తున్న క్రీడా సంబరాల్లో, 1875లో మొదలైన కెంటకీ డెర్బీ గుర్రప్పందేల తర్వాతి స్థానం ఈ స్థానిక క్లబ్బు షోదే. టీవీల్లో ఆ షో చూసేవాళ్లలో చాలామంది దాన్ని ఒక దేశవ్యాప్త సంస్థ నడుపుతోందని అనుకుంటారు. నిజానికి అది ఒక నగరంలో కొందరు వేటగాళ్లు సొంత సరదా కోసం పెట్టుకున్న సంఘం. ఆ సరదా ఒక వ్యవస్థగా ఎలా మారిందన్నదే ఈ చరిత్రలో అసలు విషయం.

కుక్కల ప్రదర్శన అనే ఆలోచన అమెరికాది కాదు, ఇంగ్లండ్‌ది. 1859 జూన్‌లో న్యూకాజిల్ అపాన్ టైన్ పట్టణంలో జరిగిన దాన్ని పద్ధతి ప్రకారం నడిచిన మొదటి డాగ్ షోగా చెబుతారు. వచ్చినవి 60 కుక్కలు. అవి కూడా రెండే రకాలు: పాయింటర్లు, సెట్టర్లు. రెండూ తుపాకీ వేటకు పనికొచ్చేవే. పొదల్లో దాక్కున్న పిట్ట వాసన పసిగట్టి, దాన్ని లేపకుండా అక్కడే బిగుసుకుపోయి యజమానికి చోటు చూపించడం వాటి పని. బహుమతులు కూడా తుపాకులే. ఆ ఊళ్లో తుపాకులు తయారుచేసే పేప్ అనే ఆయన ఇచ్చారు.

ఆ షోలో జరిగిన ఒక సంగతి తర్వాత వచ్చిన క్లబ్బులన్నిటికీ పాఠమైంది. పాయింటర్ల విభాగంలో తీర్పు చెప్పిన జడ్జిల్లో ఒకరి కుక్క సెట్టర్ల విభాగంలో గెలిచింది. సెట్టర్లకు తీర్పు చెప్పిన ఒక జడ్జి కుక్క పాయింటర్లలో గెలిచింది. అందులో మోసం జరిగిందని ఎవరూ నిరూపించలేదు. మంచి కుక్కలు ఎవరి దగ్గర ఉన్నాయో వాళ్లకే కుక్కల గురించి బాగా తెలుసు, కాబట్టి జడ్జిలూ వాళ్లే, పోటీదారులూ వాళ్లే. ఊళ్లో ఉన్న నలుగురు నిపుణులే అన్ని పాత్రలూ వేస్తే ఏమవుతుందో అదే అయింది. బయట నిలబడి నియమాలు రాసేవాళ్లు, రికార్డులు పెట్టేవాళ్లు ఉండాలన్న అవసరం ఇలాంటి చోటే మొదలవుతుంది. 1873 ఏప్రిల్‌లో లండన్‌లో సెవాలిస్ షిర్లీ అనే పార్లమెంటు సభ్యుడు మరో పన్నెండు మందితో కలిసి కెన్నెల్ క్లబ్‌ను స్థాపించారు. మరుసటి ఏడాదే 4,027 కుక్కల వివరాలతో వంశావళి పుస్తకం అచ్చయింది. అప్పట్లో షోలకు వచ్చే కుక్కల్లో ఒకే పేరున్నవి బోలెడు. ఏ బాబ్ ఎవరి బాబో, నిరుడు గెలిచింది ఇదో కాదో తేల్చడం జడ్జిలకు కూడా కష్టమయ్యేది. అందుకే 1880 నుంచి పేరు రిజిస్టర్ చేయించే పద్ధతి తెచ్చారు.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి పదేళ్లు కూడా కాకముందే ఈ గాలి వీచింది. 1874లో షికాగోలో, న్యూయార్క్ రాష్ట్రంలోని మినియోలాలో ప్రదర్శనలు జరిగాయి. అదే ఏడాది అక్టోబరులో టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఫీల్డ్ ట్రయల్ జరిగింది. అంటే కుక్కను పొలంలోకి వదిలి, అది నిజంగా పిట్టను ఎలా కనిపెడుతుందో చూసి మార్కులు వేసే పోటీ. వేటగాళ్ల కోసం 1873లో మొదలైన ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ లాంటి పత్రికలు ఈ ఫలితాలను ఊరూరా చేరవేశాయి. రైళ్లు కుక్కలను చేరవేశాయి. ఈ రెండూ లేకపోతే వందల మైళ్ల అవతలి మనిషి తన కుక్కను పెట్టెలో పెట్టుకుని పోటీకి రావడం అన్నది ఊహకే అందేది కాదు. 1876లో ఫిలడెల్ఫియాలో దేశ స్వాతంత్ర్య శతాబ్ది ప్రదర్శన జరిగినప్పుడు అందులో ఒక డాగ్ షో కూడా పెట్టారు. అది చూశాక న్యూయార్క్ వాళ్లకు తమ నగరంలోనూ ఒకటి పెట్టాలనిపించింది.

ఆ న్యూయార్క్ వాళ్లు మాన్‌హటన్‌లో యూనియన్ స్క్వేర్ దగ్గర ఉన్న వెస్ట్‌మిన్‌స్టర్ హోటల్ బార్‌లో కలుసుకునేవాళ్లు. చేతిలో డబ్బు, తీరిక ఉన్న పెద్దమనుషులు. పని అయ్యాక అక్కడ కూర్చుని తాగుతూ తమ వేట కబుర్లు, తమ కుక్కల గొప్పలు చెప్పుకునేవాళ్లు. క్లబ్బు పెట్టుకుందామని తేల్చుకున్నాక పేరు దగ్గర మాట కుదరలేదట. చివరికి అందరికీ ఇష్టమైన ఆ హోటల్ పేరే పెట్టేసుకున్నారని క్లబ్బులో తరతరాలుగా చెప్పుకునే కథ. ఆ హోటల్ ఎప్పుడో పోయింది. పేరు మాత్రం లండన్‌లోని ఏదో రాజరిక సంస్థను గుర్తుచేస్తూ మిగిలిపోయింది.

మొదట్లో ఈ క్లబ్బుకు షోలు నడపాలన్న ఆలోచన లేదు. ఉన్నది ఖర్చుల సమస్య. నగరంలో ఉండే మనిషికి వేటకుక్కను పెంచడం కష్టం. దానికి పరిగెత్తే చోటు కావాలి, తర్ఫీదు ఇచ్చే మనిషి కావాలి, మంచి పిల్లలు పుట్టాలంటే మంచి పోతు కావాలి. ఒక్కడే భరించలేనిదాన్ని పదిమంది కలిసి భరిస్తే తేలిక. అందుకని ఉమ్మడిగా కెన్నెల్, అంటే కుక్కల్ని పెంచే కొట్టం, పెట్టుకున్నారు, ఒక ట్రైనర్‌ను జీతానికి పెట్టుకున్నారు. తర్వాత లాంగ్ ఐలాండ్‌లోని బాబిలోన్ దగ్గర క్లబ్బు ఇల్లు, కెన్నెల్ ఏర్పడ్డాయి. పల్లెల్లో నలుగురు రైతులు కలిసి ఒక మేలుజాతి ఆబోతును తెచ్చుకున్నట్టు, వీళ్లు ఇంగ్లండ్ నుంచి సెన్సేషన్ అనే పాయింటర్‌ను తెప్పించుకున్నారు. నిమ్మపండు రంగు, తెలుపు కలిసిన ఒళ్లు. తమ కుక్కల సంతతిని బాగుచేసుకోవడం వాళ్ల ఉద్దేశం. ఆ కుక్క బొమ్మే తర్వాత క్లబ్బు చిహ్నమైంది, ఇప్పటికీ అదే.

క్లబ్బు పుట్టుకలో ఈ ఉమ్మడి ఆస్తి అన్న అంశాన్ని చరిత్రలు చెప్పేవాళ్లు తేలిగ్గా దాటేస్తారు, బార్ కబుర్ల కథ రుచిగా ఉంటుంది కాబట్టి. కానీ కబుర్లతో పుట్టిన సంఘాలు కబుర్లతోనే పోతాయి. లెక్క చూసుకోవాల్సిన ఆస్తి, నెలనెలా జీతం ఇవ్వాల్సిన మనిషి, తిండి పెట్టాల్సిన ప్రాణులు ఉన్నప్పుడు సంఘానికి పుస్తకాలు, సమావేశాలు, బాధ్యులు తప్పనిసరి అవుతాయి. ఏడాది తిరిగేసరికి వెయ్యికి పైగా కుక్కలతో షో నడపగల సత్తా ఈ రోజువారీ నిర్వహణ అలవాటు నుంచే వచ్చిందని అనుకోవడానికి ఆస్కారం ఉంది.

1877 మే 8న ఆ షో మొదలైంది. చోటు గిల్మోర్స్ గార్డెన్, మాడిసన్ అవెన్యూలో 26వ వీధి దగ్గర. ఒకప్పుడు అది రైల్వే డిపో. కొత్తగా గ్రాండ్ సెంట్రల్ రైల్వే స్టేషన్ కట్టాక డిపో ఖాళీ అయింది. సర్కస్ కంపెనీల బార్నమ్ దాన్ని 1874లో పెద్ద ప్రదర్శనశాలగా మార్చారు. తర్వాత బ్యాండ్ నాయకుడు ప్యాట్రిక్ గిల్మోర్ చేతికి వచ్చి ఆయన పేరే దానికి వచ్చింది. 1879లో దాన్నే మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అని మార్చారు. భవనాలు, చిరునామాలు మారినా ఈనాటికీ వినిపించే ఆ పేరు అక్కడ మొదలైందే.

షోకు వచ్చిన కుక్కలు 1,201. న్యూకాజిల్‌లో వచ్చినవాటికి ఇరవై రెట్లు. దీన్ని బెంచ్ షో అన్నారు, ఆ మాట వెనక ఒక పద్ధతి ఉంది. చెక్క బల్లలు వరసగా వేసి, అరలు అరలుగా అడ్డాలు కట్టి, గడ్డి పరిచి, ఒక్కో అరలో ఒక్కో కుక్కను గొలుసుతో కట్టేవాళ్లు. అరకు ఒక నంబరు. జడ్జి పిలిచినప్పుడు రింగులోకి, అంటే తీర్పు చెప్పే ఆవరణలోకి, తీసుకెళ్లడం, మిగతా రోజంతా కుక్క తన బల్ల మీదే ఉండడం. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు చేతిలో క్యాటలాగ్ పట్టుకుని, నంబరు చూసి, కుక్క పేరు, దాని తల్లిదండ్రుల పేర్లు, యజమాని పేరు చదువుకుంటూ వరసల మధ్య నడిచేవాళ్లు. యజమాని పక్కనే ఉంటాడు, అడిగితే చెబుతాడు. నచ్చితే బేరం కూడా ఆడొచ్చు, చాలా కుక్కల పక్కన అమ్మకం ధర అచ్చేసి ఉండేది.

ఆ క్యాటలాగ్‌లో కొన్ని నమోదులు ఇప్పుడు చదివినా ఆశ్చర్యం వేస్తుంది. అంతకు ముందు ఏడాది జూన్‌లో ఆదివాసీ తెగలతో జరిగిన లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో చనిపోయిన అమెరికా సేనాని జనరల్ కస్టర్ మందలోని రెండు స్టాగ్‌హౌండ్లు (జింకల వేటకుక్కలు) వచ్చాయి. విక్టోరియా రాణి దగ్గర పుట్టి పెరిగిన సంతతి అని చెప్పిన రెండు డీర్‌హౌండ్లు వచ్చాయి. వాటి ధర ఒక్కోటి 50,000 డాలర్లని రాశారు. కొనమని పెట్టిన ధర కాదది, కుక్క హోదా ఇంతని జనానికి చెప్పడానికి వేసిన అంకె అని ఎవరికైనా తెలుస్తుంది. పుట్టుకతోనే రెండు కాళ్లే ఉన్న నెల్లీ అనే కుక్క కూడా ఉంది. అది ఏ జాతి ప్రమాణానికీ పోటీ పడేందుకు వచ్చింది కాదు, జనం చూడడానికి వచ్చింది. శాస్త్రీయమైన పోటీ, సంతలోని వింత, సంపన్నుల దర్పం, నాలుగు డబ్బులొచ్చే అమ్మకం, ఇవన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయి. తర్వాతి దశాబ్దాల్లో వింతలు తగ్గి నియమాలు పెరిగాయి. కానీ ఆ మొదటి షోకు జనాన్ని లాగింది నియమాలు కాదు, ఈ కలగలుపే.

మూడు రోజుల కోసం పెట్టిన షోను జనం తాకిడి చూసి నాలుగో రోజుకు పొడిగించారు. ఆ నాలుగో రోజు వచ్చిన సొమ్మును జంతువుల మీద క్రూరత్వాన్ని అడ్డుకునే సంఘం ఏఎస్‌పీసీఏకు, దిక్కులేని కుక్కలకు, అవిటి కుక్కలకు ఒక ఆశ్రయం కట్టడానికి ఇస్తామన్నారు. ఈ సంఘాన్ని హెన్రీ బెర్గ్ 1866లో అదే నగరంలో స్థాపించారు.

ఈ విరాళాన్ని ఏదో మర్యాదకు చేసిన పనిగా చూస్తే దాని విలువ తెలియదు. 1870ల్లో న్యూయార్క్‌లో వీధికుక్కల గతి ఏమిటో గుర్తుచేసుకోవాలి. ఎండాకాలం వచ్చిందంటే పిచ్చికుక్కల భయం. పట్టుకొచ్చిన కుక్కలను బందెలదొడ్డిలో ఉంచి, అడగడానికి ఎవరూ రానివాటిని ఇనుప బోనులో పెట్టి, బోనును క్రేనుతో ఈస్ట్ రివర్‌లోకి దించి ముంచి చంపేవాళ్లు. నగరపాలన పద్ధతి ప్రకారం చేసే పనే అది. ఒకే నగరంలో, ఒకే వేసవిలో, ఒక కుక్కకు 50,000 డాలర్ల ధర, ఇంకో కుక్కకు ఇనుప బోను. రెండింటి మధ్య తేడా ఒళ్లు కాదు, తెలివి కాదు. ఒకదాని తల్లిదండ్రుల పేర్లు అచ్చయి ఉన్నాయి, రెండోదానివి లేవు. క్లబ్బు పెద్దమనుషులు ఆ తేడాను సృష్టించడంలో భాగస్వాములే. ఆ తేడాకు బలైనవాటి కోసం ఒక రోజు కలెక్షన్ ఇచ్చిందీ వాళ్లే. రెండూ నిజమే, ఒకటి చెప్పి రెండోది దాచడం చరిత్రకు న్యాయం కాదు. కుక్కలను ముంచే ఆ ఏర్పాటు మీద బెర్గ్ ఏళ్ల తరబడి పోరాడారు. నగరంలోని జంతువుల బందెలదొడ్ల బాధ్యతను ఏఎస్‌పీసీఏ చేతికి తీసుకున్నది 1894లో, బెర్గ్ పోయిన ఆరేళ్లకు.

వంశావళి రాసి ఉండడం అన్న ఈ విషయం మన దగ్గర కూడా ఎంత తేడా తెస్తుందో చూడాలంటే కొల్లేరు వైపు చూస్తే చాలు. కోస్తా జిల్లాల జోనంగి కుక్క వేటకు, కాపలాకు, బాతుల మందలను తోలడానికి తరాల పాటు పనికొచ్చింది. పనిలో దానికి ఏ లోటూ లేదు. కానీ ఏ ఆడకుక్కకు ఏ పోతు కట్టింది, ఈతలో ఎన్ని పుట్టాయి అని పుస్తకంలో ఎక్కించే క్లబ్బు ఆ రోజుల్లో దానికి లేదు. పని తగ్గగానే కుక్క కూడా తగ్గిపోయింది. పాయింటర్‌తో తుపాకీ వేట ఆడేవాళ్లు అమెరికాలో కూడా తగ్గారు. పాయింటర్ మాత్రం పుస్తకంలో ఉంది కాబట్టి నిలిచింది.

అమెరికాలో ఈ వంశావళి పుస్తకాల దగ్గరే క్లబ్బుల మధ్య గొడవ మొదలైంది, ఎందుకంటే అవి ఒకటికి మించి వచ్చాయి. షికాగోలో పత్రిక నడిపే నికొలస్ రో చేతి మీదుగా ఒక వంశావళి గ్రంథం, ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్ వాళ్ల తరఫున ఇంకో రిజిస్టర్. ఒక ఊళ్లో ఛాంపియన్ అన్నదాన్ని ఇంకో ఊళ్లో ఒప్పుకోవాలా? జడ్జి తీర్పు తప్పని ఒకరు ఫిర్యాదు చేస్తే ఎవరు వినాలి? ఒక షోలో మోసం చేసి దొరికినవాడు పక్క ఊరి షోకు వెళ్తే ఎవరు ఆపాలి? ఏ ఒక్క క్లబ్బూ ఎంత పెద్దదైనా వీటికి జవాబు చెప్పలేదు. వెస్ట్‌మిన్‌స్టర్ తన షోకు నియమాలు పెట్టుకోగలదు గానీ బోస్టన్ క్లబ్బుకు పెట్టలేదు.

1884 సెప్టెంబరు 17న ఫిలడెల్ఫియాలో పన్నెండు క్లబ్బుల ప్రతినిధులు కూర్చున్నారు. అంతకుముందు డాగ్ షో గానీ ఫీల్డ్ ట్రయల్ గానీ నడిపిన క్లబ్బులే ఇందులోకి రావాలని షరతు. అలా అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఏర్పడింది. కొద్దికాలానికి రో తన వంశావళి సంపుటాలను దానికి అప్పగించారు. దాంతో పుస్తకాల పోటీ సద్దుమణిగింది. 1888 నుంచి 1916 దాకా అధ్యక్షుడిగా ఉన్న ఆగస్ట్ బెల్మాంట్ జూనియర్ హయాంలో సంస్థ కాళ్ల మీద నిలబడింది. 1889లో గెజిట్ అనే సొంత పత్రిక మొదలైంది.

లండన్ కెన్నెల్ క్లబ్‌కీ దీనికీ ఉన్న తేడా గమనించదగ్గది. అక్కడ కొంతమంది మనుషులు చేరి ఒక క్లబ్బు పెట్టి, దేశానికి నియమాలు రాశారు. ఇక్కడ క్లబ్బులే చేరి క్లబ్బు పెట్టాయి. ఇప్పటికీ అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో సభ్యులు మనుషులు కారు, క్లబ్బులే. ఒక్కో క్లబ్బు ఒక్కో ప్రతినిధిని పంపుతుంది. వెస్ట్‌మిన్‌స్టర్ కూడా అలా ఒక సభ్య క్లబ్బే. దేశపు సంస్థ వచ్చాక ఊరి క్లబ్బు చిన్నబోకుండా తన షోను తన పేరుతోనే నడుపుకోగలగడానికి ఈ నిర్మాణమే కారణం. పై నుంచి కిందికి వచ్చిన సంస్థ అయితే న్యూయార్క్ షోను ముందు మింగేసేది.

ఈ నిర్మాణానికి ఒక చీకటి వైపు కూడా ఉంది. ప్రతినిధులను క్లబ్బులు పంపాలి, క్లబ్బులు మగవాళ్లవి. 1888లో వెస్ట్‌మిన్‌స్టర్ షోలో మసాచుసెట్స్‌కు చెందిన ఆనా విట్నీ సెయింట్ బెర్నార్డ్‌లకు జడ్జిగా రింగులో నిలబడ్డారు. అమెరికా డాగ్ షోల్లో జడ్జిగా చేసిన మొదటి మహిళ ఆవిడే. ఆవిడ ముందుకు వచ్చిన సెయింట్ బెర్నార్డ్‌లు 117. ఒక్కోటీ మనిషంత బరువుండే కుక్కలు, అన్నిటినీ చేత్తో తడిమి చూసి తీర్పు చెప్పడం మామూలు పని కాదు. ఆడవాళ్ల తీర్పును 1888లోనే ఒప్పుకున్న వ్యవస్థ, అమెరికన్ కెన్నెల్ క్లబ్ సమావేశంలో ప్రతినిధిగా కూర్చోవడానికి వాళ్లకు 1974 దాకా చోటివ్వలేదు. నైపుణ్యాన్ని వాడుకోవడం వేరు, అధికారం పంచుకోవడం వేరు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. కుక్కలను పెంచడంలో, ఈనించడంలో, సాకడంలో ఎక్కువ భాగం ఇళ్లలో ఆడవాళ్ల చేతుల మీదే జరిగిన ఆ ఎనభై ఆరేళ్లూ పెద్ద అన్యాయమే.

పెద్ద మార్పు మరొకటి, నెమ్మదిగా జరిగింది. పిట్టను కనిపెట్టే కుక్కల కోసం పుట్టిన క్లబ్బు క్రమంగా కంటికి నచ్చే కుక్కల క్లబ్బయింది. పొలంలో పోటీ అయితే కుక్క పని కనిపిస్తుంది. బెంచ్ మీద కనిపించేది దాని ఒడ్డూ పొడుగూ, వెంట్రుకలు, నడక మాత్రమే. మంచి నిర్మాణం ఉన్న కుక్క మంచి పని చేస్తుందని మొదట్లో నమ్మారు, ఆ నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు. కానీ నగరం మధ్యలో, గ్యాస్ దీపాల కింద, టికెట్ కొన్న జనం ముందు నడిచే షోకు పొలం అక్కర్లేదు. డబ్బు కూడా అటే వచ్చింది. బ్యాంకర్ జె. పి. మోర్గాన్ కోలీ జాతి గొర్రెల కాపరి కుక్కలతో పోటీకి దిగాక ఇది వేటగాళ్ల వ్యవహారంగా ఎలా మిగులుతుంది? పని చూసే పోటీలు, రూపం చూసే పోటీలు రెండు దారులయ్యాయి. ఒకే జాతిలో పనికి ఒక రకం, షోకు ఒక రకం తయారవడానికి మూలం ఈ చీలికలోనే ఉంది. దాని ఫలితాన్ని ఇప్పటికీ కొన్ని జాతుల కుక్కలు ఊపిరి సమస్యలతో, కీళ్ల నొప్పులతో మోస్తున్నాయి.

తొలి ముప్పై ఏళ్లూ వెస్ట్‌మిన్‌స్టర్‌లో అన్నిటికన్నా గొప్ప కుక్క ఇదీ అని ఒకదాన్ని తేల్చే పద్ధతి లేదు. జాతిలో గెలిస్తే గెలిచినట్టే. 1907లో మొదటిసారి బెస్ట్ ఇన్ షో ఇచ్చారు. గెలిచింది వారెన్ రెమెడీ అనే ఆడ ఫాక్స్ టెరియర్, పొట్టి వెంట్రుకల రకం. 1908లో మళ్లీ అదే, 1909లో మళ్లీ అదే. ఆ షోలో ఈ బహుమతి మూడుసార్లు గెలిచిన కుక్క ఇప్పటికీ మరొకటి లేదు.

చిన్న టెరియర్‌నూ భారీ గ్రేట్ డేన్‌నూ పక్కపక్కన నిలబెట్టి ఏది మేలంటే ఎలా చెప్పాలి? నిజానికి అక్కడ కుక్కకు కుక్కతో పోటీ లేదు. ప్రతి జాతికీ దాని క్లబ్బు రాసుకున్న ప్రమాణం ఒకటుంది: చెవి ఎలా మడవాలి, వీపు ఎంత తిన్నగా ఉండాలి, పళ్లు ఎలా కుదరాలి. ఏ కుక్క తన ప్రమాణానికి ఎక్కువ దగ్గరగా ఉందో జడ్జి చూస్తాడు. అంటే కాగితం మీద ప్రమాణాలు అన్ని జాతులకూ గట్టిపడ్డాకే ఈ బహుమతికి అర్థం వస్తుంది. అప్పటికీ ఫైనల్‌కు ఏవి రావాలి, ఎలా రావాలి అన్నదానికి స్థిరమైన వరస లేదు. ఆ నియమాల మార్పు నడుస్తుండగా 1923లో వెస్ట్‌మిన్‌స్టర్‌లో బెస్ట్ ఇన్ షో ఇవ్వనేలేదు. 1924 నుంచి జాతులను గ్రూపులుగా విడదీసి, జాతిలో గెలిచినవి గ్రూపులో, గ్రూపుల్లో గెలిచినవి ఫైనల్లో తలపడే పద్ధతి స్థిరపడింది. గ్రూపుల సంఖ్య దేశాన్ని బట్టి మారుతుంది గానీ, హైదరాబాద్‌లో జరిగే డాగ్ షోల్లో కూడా చివరి రింగు దాకా నడిచేది ఆ వరసే.